ఎర్ర చుక్క కనబడగానే రీస్టార్ట్ నొక్కకండి

లైనక్స్ డిస్ట్రో ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ కొత్త స్నాప్‌షాట్ (తాజా కూర్పు) తయారైన కాసేపటికే, దాన్ని దానంతటదే పరీక్షించే ఓపెన్‌క్యూఏ పేజీ నిండా రంగు చుక్కలు పరుచుకుంటాయి. ఆకుపచ్చ అంటే పాస్, పసుపు అంటే సాఫ్ట్ ఫెయిల్, ఎరుపు అంటే ఫెయిల్. ఎర్ర చుక్క మీద నొక్కితే ఒక స్క్రీన్‌షాట్ వస్తుంది: లాగిన్ తెర రావాల్సిన చోట నల్లటి తెర. చాలామంది అక్కడే తీర్పు చెప్పేస్తారు. "డిస్‌ప్లే మేనేజర్ (లాగిన్ తెర చూపే ప్రోగ్రామ్) పోయింది" అని బగ్ రాసేస్తారు, లేదంటే రీస్టార్ట్ నొక్కి టీకి వెళ్ళిపోతారు. రెండూ తొందరపాటే. ఎదురుచూసి చూసి టెస్టు ఎక్కడ ఆగిపోయిందో ఆ స్క్రీన్‌షాట్ చెబుతుంది, అంతవరకే. సిస్టమ్ చెడింది అంతకు 90 సెకన్ల ముందు కావచ్చు, మూడు మాడ్యూళ్ళ (టెస్టులోని అంకాల) ముందు కావచ్చు, ఒక్కోసారి అసలు పక్క మెషీన్‌లో కావచ్చు.

ఇక్కడ రాసేదంతా ఓపెన్‌క్యూఏని దృష్టిలో పెట్టుకునే. ఓపెన్‌సూసే వాళ్ళు టంబుల్‌వీడ్ స్నాప్‌షాట్లని, ఫెడోరా వాళ్ళు రాహైడ్ (తయారీలో ఉన్న ఫెడోరా) కంపోజ్‌లని దీంతోనే పరీక్షిస్తారు. వేరే టెస్టు వ్యవస్థ వాడేవాళ్ళు నీడిల్స్ గురించిన భాగం వదిలేసి, సీరియల్ లాగ్, బైసెక్ట్ (మార్పులని సగం సగం చేస్తూ దోషిని వెతకడం) సంగతులు తీసుకోవచ్చు.

పని జరిగే తీరు క్లుప్తంగా. వర్కర్ (టెస్టులు నడిపే) మెషీన్ మీద ఐసోటువీడియో అనే పెర్ల్ ప్రోగ్రామ్ నడుస్తుంది. అది క్యూఈమ్యూతో ఒక వర్చువల్ మెషీన్ లేపి, వీఎన్‌సీ (దూరం నుంచి తెర చూపే పద్ధతి) గుండా తెర చూస్తూ, కీబోర్డూ మౌసూ తనే ఆడిస్తుంది. తెరని గుర్తుపట్టడానికి దాని దగ్గర నీడిల్స్ ఉంటాయి. నీడిల్ అంటే ఒక పీఎన్‌జీ బొమ్మ, దానికి తోడు అదే పేరుతో ఒక జేసన్ ఫైలు. బొమ్మలో ఏ దీర్ఘచతురస్రాలు చూడాలి, ఎంత శాతం పోలాలి, ఏ ట్యాగ్ కిందకి వస్తుంది అన్నది జేసన్‌లో ఉంటుంది. శాతం ఏమీ రాయకపోతే 96. తెర ఒక కన్ను అయితే, సీరియల్ పోర్టు (మెషీన్ తన సందేశాలని అక్షరాల్లో బయటికి రాసే దారి) రెండో కన్ను. నిజం ఎక్కువసార్లు ఈ రెండో కంటికే కనబడుతుంది గాని, దాన్ని తెరిచి చూసేవాళ్ళు తక్కువ.

ముందు అది ఏ రకం ఎరుపు?

ఫెయిల్డ్ వేరు, ఇన్‌కంప్లీట్ వేరు. ఇన్‌కంప్లీట్ అంటే టెస్టు తన తీర్పు చెప్పేదాకా నడవనే లేదు: ఐఎస్ఓ డౌన్‌లోడ్‌లో 404 వచ్చింది, వర్కర్ క్యాష్ నిండిపోయింది, క్యూఈమ్యూ మధ్యలో చచ్చిపోయింది. జాబ్ పేజీ పైభాగంలో కారణం ఒక్క వాక్యంలో రాసి ఉంటుంది, ముందు అది చదవండి. దీన్ని చూసి ఆపరేటింగ్ సిస్టమ్ మీద బగ్ రాయడానికి సాధారణంగా ఏమీ ఉండదు. ప్యారలల్ ఫెయిల్డ్ అని ఉంటే ఈ జాబ్‌లో తప్పేమీ లేదన్నమాట. దీంతో జతగా నడిచిన మరో జాబ్ పడిపోయింది కాబట్టి దీన్నీ ఆపేశారు. డిపెండెన్సీల ట్యాబ్ తెరిచి ఆ జతగాడి దగ్గరికి వెళ్ళాలి. టైమౌట్ ఎక్సీడెడ్ అంటే మొత్తం జాబ్‌కి ఇచ్చిన గడువు దాటింది. సెట్టింగ్స్‌లో ఏమీ చెప్పకపోతే ఆ గడువు 7200 సెకన్లు, అంటే రెండు గంటలు. ఎక్కడో ఒక మాడ్యూల్ ఇరుక్కుందా, లేక ప్రతి మాడ్యూలూ కొంచెం కొంచెం నెమ్మదించిందా అన్నది తేల్చడానికి పాత పాసైన జాబ్ పక్కన పెట్టి మాడ్యూళ్ళ సమయాలు పోల్చాలి. అన్నీ సమానంగా రెట్టింపైతే అనుమానం వర్కర్ మీదకి పోవాలి.

ఒకే జాబ్‌లో రెండు మూడు మాడ్యూళ్ళు ఎర్రబడితే మొదటిదే ముఖ్యం. ఫేటల్ అని గుర్తున్న మాడ్యూల్ పడితే జాబ్ అక్కడితో సరి. ఆ గుర్తు లేకపోతే వర్చువల్ మెషీన్‌ని చివరి మైల్‌స్టోన్ స్నాప్‌షాట్‌కి (ముందు భద్రపరిచిన స్థితికి) వెనక్కి తిప్పి తర్వాతి మాడ్యూల్ మొదలుపెడతారు. అలా తిప్పినప్పుడు గెస్ట్ (వర్చువల్ మెషీన్‌లోని సిస్టమ్) గడియారం వెనకబడి ఉంటుంది, అప్పటికి తెరిచున్న నెట్‌వర్క్ కనెక్షన్లు తెగిపోతాయి. రెండో ఎరుపుకి కారణం ఆ తిప్పడమే కావచ్చు.

తెర తేడా

అసర్ట్_స్క్రీన్ అనే ఫంక్షన్‌ని ఒక ట్యాగ్ ఇచ్చి పిలిస్తే, ఆ ట్యాగ్ ఉన్న నీడిల్స్ అన్నిటితోనూ సుమారు సెకనుకోసారి తెరని పోల్చి చూస్తుంది. మామూలు గడువు 30 సెకన్లు. ఆటోఇన్‌స్ట్ లాగ్‌లో (ఐసోటువీడియో రాసే లాగ్) ఇది "నో మ్యాచ్", పక్కన మిగిలిన సెకన్లు, ఆ పక్కన అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన నీడిల్ పేరు, బ్రాకెట్లో 0.87 లాంటి అంకె అన్న వరసలో కనబడుతుంది. ఈ అంకె మీద కాసేపు మనసు పెట్టాలి. 0.9 పైన ఊగుతూ 0.96 చేరకపోతే తెర సరైనదే, రూపం కొద్దిగా మారింది. 0.5 లోపు ఉంటే అది వేరే తెర. గడువంతా 0.4 దగ్గరే ఉండి చివరి రెండు సెకన్లలో 0.93కి లేస్తే సిస్టమ్ సరిగానే వస్తోంది గాని ఆలస్యంగా వస్తోంది. ఈ మూడో రకాన్ని స్క్రీన్‌షాట్ చూసి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. లాగ్‌లో అంకెల వరస చూస్తే అరనిమిషం పని.

రూపం మారడానికి మామూలు కారణం ఫాంటు. 2025 మార్చిలో వచ్చిన గ్నోమ్ 48లో ఇంటర్‌ఫేస్ ఫాంటుని క్యాంటరెల్ నుంచి అద్వైత సాన్స్‌కి మార్చారు. తెర మీద ప్రతి అక్షరం వెడల్పూ మారితే, అక్షరాలని చుట్టి గీసిన ప్రతి నీడిలూ ఒక్క రాత్రిలో పనికిరాకుండా పోతుంది. ఫాంటు మారకపోయినా అక్షరాల అంచులు నున్నగా చేసే పద్ధతి మారితే చాలు, కంటికి తేడా తెలియదు గాని 96 కాస్తా 94 అవుతుంది. ఫెడోరాలో ప్రతి విడుదలకీ డెస్క్‌టాప్ బొమ్మ మారుతుంది కాబట్టి దాని మీదుగా గీసిన నీడిల్ బతికేది ఒక్క విడుదల మాత్రమే. మౌస్ పాయింటర్ బటన్ మీద నిలబడిపోయి బటన్ రంగు మారడం, మిణుకుమనే కర్సర్, మూలన గడియారం ఇవన్నీ పాత నేరస్థులే. వీటిని నీడిల్‌లో ఎక్స్‌క్లూడ్ రకం దీర్ఘచతురస్రంతో కప్పేయొచ్చు. అంతకన్నా మంచిది మొదటినుంచీ చిన్న భాగాన్నే ఎంచుకోవడం: మొత్తం డైలాగ్ బదులు దాని శీర్షిక, ఒక బటన్.

ఇక్కడే పెద్ద తప్పు జరుగుతుంది. తెర సరిపోలేదు, ఎడిటర్ చేతికి అందుబాటులో ఉంది, కొత్త నీడిల్ చేసేయడం ఒక్క నిమిషం పని. కానీ ఆ స్క్రీన్‌షాట్‌లో అసలు బొమ్మతో పాటు "సర్వీస్ మొదలవలేదు" అన్న చిన్న నోటిఫికేషన్ పక్కన ఉండి, మీరు గీసిన దీర్ఘచతురస్రం దాన్ని వదిలేస్తే, రేపటినుంచి ఆ లోపం ఆకుపచ్చ చుక్కగా కనబడుతుంది. కొత్త నీడిల్ దాచే ముందు పాత స్క్రీన్‌షాట్‌నీ కొత్తదాన్నీ స్లయిడర్‌తో జరిపి చూసి, ఏ మార్పు ఏ ప్యాకేజీ వల్ల వచ్చిందో పేరుతో చెప్పగలిగితేనే దాచండి. చెప్పలేకపోతే అది ఇంకా విచారణలో ఉన్న కేసే.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది: నీడిల్ తొందరపడి సరిపోవడం. డైలాగ్ ఇంకా జారుతూ వస్తుండగానే శీర్షిక కనబడుతుంది, పోలిక కుదిరిపోతుంది, టెస్టు ఎంటర్ కొట్టేస్తుంది. కీబోర్డు దృష్టి ఇంకా వెనక విండో మీదే ఉంది కాబట్టి ఆ ఎంటర్ అక్కడికి పోతుంది. ఎరుపు మాత్రం మూడు అడుగుల తర్వాత పడుతుంది. వీడియో చూడమనేది ఇందుకే. ఫెయిలైన చోటినుంచి వెనక్కి, ప్రతి అడుగులోనూ తెర టెస్టు అనుకున్నట్టే ఉందా అని చూస్తూ పోతే, మొదట తప్పిన అడుగు దొరుకుతుంది.

లాగ్‌లో "చెక్ అసర్టెడ్ స్క్రీన్ ఇన్ని సెకన్లు పట్టింది, నీడిల్స్‌ని ఇంకా నిర్దిష్టంగా చేయండి" అన్న హెచ్చరిక పదే పదే వస్తుంటే ఒకే ట్యాగ్ కింద నీడిల్స్ పేరుకుపోయాయి, లేదా వర్కర్ ఊపిరాడని పనిలో ఉంది. పోలికకే మూడు సెకన్లు పడితే 30 సెకన్ల గడువులో పది సార్లే చూసినట్టు.

కీబోర్డు మింగిన అక్షరాలు

టెర్మినల్‌లో "కమాండ్ నాట్ ఫౌండ్" వచ్చిందంటే ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాలేదని నమ్మే ముందు, టైపైన కమాండ్‌ని అక్షరం అక్షరం చదవండి. జిప్పర్ (ఓపెన్‌సూసేలో ప్యాకేజీలు పెట్టే కమాండ్) అన్న మాటలో ఒక పీ తగ్గిందా? ఏదో ఒక అక్షరం ఎనిమిది సార్లు పడిందా? వీఎన్‌సీలో కీ నొక్కడం ఒక సందేశం, వదలడం మరో సందేశం. గెస్ట్ ఉక్కిరిబిక్కిరి అవుతున్నప్పుడు వదిలిన సందేశం ఆలస్యంగా చేరితే, కెర్నెల్ కీ ఇంకా నొక్కి ఉందనుకుని అక్షరాన్ని మళ్ళీ మళ్ళీ వేస్తుంది. టైపింగ్ వేగం తగ్గించే వీఎన్‌సీ_టైపింగ్_లిమిట్ సెట్టింగ్ ఉంది, వాడొచ్చు. కానీ నిన్నటిదాకా సరిగా పడిన అక్షరాలు ఈ బిల్డ్‌లోనే పోతుంటే, గెస్ట్‌లో సీపీయూని ఏదో తినేస్తోందని అర్థం. బూట్ కాగానే ఫైళ్ళ ఇండెక్సింగ్ మొదలుపెట్టే సర్వీసులు మొదటి అనుమానితులు. వేగం తగ్గించి పాస్ చేయించడం అంటే నిజమైన రిగ్రెషన్ (పనిచేసేది కొత్త మార్పుతో చెడడం) మీద చాప కప్పడమే.

గ్రాఫిక్స్ పరీక్షించని టెస్టులకి కీబోర్డు దారి అక్కర్లేదు. వర్టియో కన్సోల్ (వర్చువల్ మెషీన్ల కోసం చేసిన వేరే సీరియల్ దారి) గుండా నడిచే సీరియల్ టెర్మినల్‌కి మార్చితే అక్షరాలు పోవడం, ఫాంటు గొడవ రెండూ తప్పుతాయి.

సీరియల్ లాగ్

టెస్టులో కమాండ్ నడిపే అసర్ట్_స్క్రిప్ట్_రన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. మీ కమాండ్ చివర, దాని ఎగ్జిట్ కోడ్‌ని ఒక యాదృచ్ఛిక గుర్తుతో కలిపి సీరియల్ పోర్టులో రాయమని తగిలిస్తుంది. ఆ గుర్తు కోసం 90 సెకన్లు చూస్తుంది. గుర్తు రాకపోతే టైమౌట్. వచ్చినా కోడ్ సున్నా కాకపోతే ఫెయిల్. టైమౌట్ పడినప్పుడు సీరియల్ ఫైలులో ఆ గుర్తు కోసం వెతకండి. గుర్తు ఉంది గాని దాని నడుమ కెర్నెల్ సందేశం ఒకటి చొరబడి రెండు ముక్కలు చేసిందంటే, కమాండ్ విజయవంతంగా ముగిసింది, టెస్టు దాన్ని గుర్తుపట్టలేకపోయింది. కెర్నెల్ సందేశాలూ మన గుర్తూ ఒకే పోర్టు పంచుకోవడం వల్ల వచ్చే తంటా ఇది. మందు పైన చెప్పినదే: వర్టియో కన్సోల్.

కోడ్ వచ్చినప్పుడు అంకె చూడండి. 127 అంటే కమాండ్ దొరకలేదు, 126 అంటే దొరికింది గాని నడపడానికి వీల్లేదు. 124 అయితే టైమౌట్ కమాండ్ ఆపింది. 128 దాటితే అందులోంచి 128 తీసేస్తే సిగ్నల్ నంబరు: 134 అబార్ట్, 137 కిల్, 139 సెగ్‌ఫాల్ట్. 137 కనబడితే సీరియల్ లాగ్‌లో "ఔట్ ఆఫ్ మెమరీ" అని వెతకండి. ఓపెన్‌క్యూఏలో ర్యామ్ ఎంతో చెప్పకపోతే వర్చువల్ మెషీన్‌కి దక్కేది 1024 మెగాబైట్లే. కొత్త ఇన్‌స్టాలర్ మరో 200 మెగాబైట్లు అడిగితే పోయేది ఏ ప్రాసెస్ అన్నది ఆ రోజు అదృష్టం, అందుకే ఒకే కారణానికి ఐదు వేరువేరు స్క్రీన్‌షాట్లు వస్తాయి.

కెర్నెల్ పానిక్‌లో (కెర్నెల్ కుప్పకూలినప్పుడు) "అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్" అన్న లైను చివర ఎగ్జిట్‌కోడ్ హెక్సాలో ఉంటుంది. చివరి రెండు అంకెలు సిగ్నల్, వాటి ముందు రెండు ఎగ్జిట్ స్టేటస్. చివర 0బి ఉంటే 11, అంటే ఇనిట్ (మొదటి ప్రాసెస్) సెగ్‌ఫాల్ట్ అయింది. 7ఎఫ్00 ఉంటే స్టేటస్ 127. సెంట్‌ఓఎస్ స్ట్రీమ్ 9ని క్యూఈమ్యూ పాత సీపీయూ నమూనా మీద లేపితే సరిగ్గా ఇదే వస్తుంది. కాస్త పైన "సీపీయూ ఎక్స్86-64-వి2ని సపోర్ట్ చేయదు" అని జీలిబ్‌సీ (మూల సీ లైబ్రరీ) తిట్టిన లైను ఉంటుంది. దోషం డిస్ట్రోదీ కాదు, కెర్నెల్‌దీ కాదు, జాబ్ సెట్టింగ్స్‌లో సీపీయూ మోడల్‌ది. అలాగే "అన్‌నోన్-బ్లాక్ (0,0)" మీద రూట్ మౌంట్ కాలేదని వస్తే కెర్నెల్‌కి రూట్ డిస్కే దొరకలేదు: ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్‌సిస్టమ్) లోడ్ కాలేదు, లేదా కెర్నెల్ పేరామీటర్లలో రూట్ తప్పింది. ఫైల్‌సిస్టమ్ చెడిందని అక్కడ వెతకడం దండగ.

బూట్‌లో సరిగ్గా ఒకటిన్నర నిమిషం పోయిందంటే అది సిస్టమ్‌డీ (సర్వీసులని మొదలుపెట్టే ప్రోగ్రామ్) అలవాటు. యూనిట్ మొదలవడానికి అది ఇచ్చే మామూలు గడువు 90 సెకన్లు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (మౌంట్ చేయాల్సిన విభజనల పట్టిక) ఉన్న యూయూఐడీ గల విభజన డిస్కులో లేకపోతే ఆ 90 సెకన్లూ కాచుకుని, అప్పుడు వదిలేస్తుంది లేదా ఎమర్జెన్సీ షెల్‌లో పడేస్తుంది. లాగిన్ తెర కోసం టెస్టు ఇచ్చిన గడువు అంతకు తక్కువైతే నల్లతెర స్క్రీన్‌షాట్ వస్తుంది, మొదట్లో చెప్పుకున్న "డిస్‌ప్లే మేనేజర్ పోయింది" బగ్ పుడుతుంది.

"సాఫ్ట్ లాకప్, సీపీయూ 22 సెకన్లు ఇరుక్కుంది" అన్న లైను చూడగానే కెర్నెల్ వాళ్ళకి రాయాలనిపిస్తుంది. సాఫ్ట్ లాకప్ గుర్తించే మామూలు హద్దు 20 సెకన్లు, ఆర్‌సీయూ స్టాల్‌కి 21, హంగ్ టాస్క్‌కి 120. వర్చువల్ మెషీన్‌లో మొదటి రెండూ రావడానికి గెస్ట్ కెర్నెల్ తప్పు చేయనక్కర్లేదు. హోస్ట్ మీద జాబులు కిక్కిరిసి మన వర్చువల్ సీపీయూకి వంతు రాకపోయినా అంతసేపు ఆగినట్టే కనబడుతుంది. అదే నిమిషంలో అదే వర్కర్ మీద నడిచిన ఇతర జాబులు చూడండి. అవీ కుంటుతుంటే తీర్పు తేలిపోయింది. లాకప్ కింద వచ్చే కాల్ ట్రేస్ ప్రతిసారీ ఒకే ఫంక్షన్ దగ్గర ఆగితే మాత్రం అది కెర్నెల్ బగ్గే, హోస్ట్ మీద నెట్టకండి. ఇంకో చిన్న తనిఖీ: ఆటోఇన్‌స్ట్ లాగ్ పైభాగంలో క్యూఈమ్యూని పిలిచిన పూర్తి కమాండ్ ఉంటుంది. అందులో కేవీఎం (హార్డ్‌వేర్ సాయంతో వేగంగా నడిపే పద్ధతి) లేకపోతే సీపీయూని సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరిస్తున్నారు. ఏ గడువూ నిలబడదు.

రెండు మూడు మెషీన్లు కలిసి నడిచే టెస్టుల్లో, పింగ్ పోతోంది గాని ఎస్ఎస్‌హెచ్ వేలాడుతోంది అంటే ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కి గరిష్ఠ పరిమాణం) చూడండి. వర్కర్ల మధ్య టన్నెల్ ప్రతి ప్యాకెట్‌లోనూ కొన్ని బైట్లు తినేస్తుంది. ముక్కలు చేయవద్దని చెప్పి 1472 బైట్ల పింగ్ పంపితే, హెడర్లు 28 కలుపుకుని సరిగ్గా 1500 అవుతుంది. అది పోక, 1400ది పోతే జవాబు దొరికినట్టే. రెండు మెషీన్లూ ఒకే వర్కర్ మీద పడిన రోజు ఈ టెస్టు పాసవుతుంది, వేరువేరు వర్కర్ల మీద పడిన రోజు ఫెయిలవుతుంది. దీన్నే "అప్పుడప్పుడూ ఫెయిలయ్యే టెస్టు" అని ముద్ర వేసి వదిలేస్తుంటారు.

నాలుగు జాబుల పంచాయితీ

ఇంతవరకూ సాక్ష్యం చదవడం. చదివినా తేలకపోతే ప్రయోగం చేయాలి. ఓపెన్‌సూసే సర్వర్ దీన్ని తనంతట తనే చేస్తుంది: బగ్ నంబరు తగిలించని ఫెయిల్యూర్‌కి నాలుగు కొత్త జాబులు వేస్తుంది. ఒకటి ఉన్నదున్నట్టు మళ్ళీ. రెండోది కొత్త బిల్డ్, పాత టెస్టు కోడ్. మూడోది పాత బిల్డ్, కొత్త టెస్టు కోడ్. నాలుగోది రెండూ పాతవే. పాత అంటే చివరిసారి పాసైనప్పటివి.

మొదటిది పాసైతే నిలకడ లేని ఫెయిల్యూర్, దాని కథ కింద వేరే ఉంది. మొదటిది ఫెయిలై రెండోది పాసైతే టెస్టు కోడ్ మార్పు తెచ్చిన బెడద. మొదటిది ఫెయిలై మూడోది పాసైతే బిల్డ్‌లో నిజమైన రిగ్రెషన్. రెండూ మూడూ రెండూ పాసైతే కొత్త టెస్టుకీ కొత్త బిల్డ్‌కీ ఒకదానితో ఒకటి పడట్లేదు. సాధారణంగా ఇద్దరు వేరువేరు మనుషులు ఒకే మార్పుకి రెండు వైపుల నుంచి సర్దుబాటు చేసినప్పుడు ఇలా అవుతుంది. నాలుగూ ఫెయిలైతే, మొన్న పాసైన కూర్పే ఇవాళ పాసవట్లేదంటే, మారింది బయట: వర్కర్, నెట్‌వర్క్, మిర్రర్, గడువు తీరిన సర్టిఫికెట్, చివరికి తేదీ కూడా.

ఈ పద్ధతి మోసం చేసే చోట్లు రెండు. పాత ఐఎస్ఓతో ఇన్‌స్టాల్ చేసినా ప్యాకేజీలు ఇప్పటి ఆన్‌లైన్ రిపోజిటరీ నుంచి వస్తే, "పాత బిల్డ్" అన్నది పేరుకే పాత. లోపలున్నవి ఇవాళ్టి ప్యాకేజీలే, కాబట్టి రిగ్రెషన్ ఉన్నా నాలుగూ ఫెయిలై నేరం మౌలిక వసతుల మీద పడుతుంది. రెండోది, పాత ఐఎస్ఓలూ డిస్కు ఇమేజ్‌లూ కొన్నాళ్ళకి సర్వర్ నుంచి తుడిచేస్తారు. అప్పుడు మూడోది ఇన్‌కంప్లీట్ అవుతుంది; దాన్ని ఫెయిల్‌గా లెక్కేయకూడదు. ఫెయిల్యూర్ చూసిన రోజే విచారణ మొదలుపెట్టమనేది ఇందుకే.

సొంత ఓపెన్‌క్యూఏ నడిపేవాళ్ళు ఓపెన్‌క్యూఏ-క్లోన్-జాబ్ కమాండ్‌తో ఇవే నాలుగూ చేత్తో వేసుకోవచ్చు. కేస్‌డిర్ విలువగా గిట్ చిరునామా ఇచ్చి, దాని చివర హ్యాష్ గుర్తు పెట్టి కమిట్ రాస్తే ఆ కమిట్ టెస్టు కోడ్ వాడుతుంది. గ్రూప్ విలువ సున్నా అని తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే మీ ప్రయోగాలు అసలు బిల్డ్ ఫలితాల్లో కలిసి అందరినీ గాభరా పెడతాయి. తెర ముందు కూర్చుని చూడాలంటే డెవలపర్ మోడ్‌లో, తెర సరిపోలనప్పుడు ఆగమని చెప్పి, వీఎన్‌సీతో లోపలికి వెళ్ళొచ్చు. పోర్టు నంబరు 5990కి వర్కర్ నంబరు కలిపితే వస్తుంది. ఒకటో వర్కర్‌కి 5991.

పదిలో ఒక్కసారి

రీట్రై పాసైంది కాబట్టి సమస్య లేదనడం లెక్క రాకపోవడమే. పదిలో ఒకసారి ఫెయిలయ్యే టెస్టుని మళ్ళీ వేస్తే పాసయ్యే అవకాశం 90 శాతం. అంటే ఆ ఆకుపచ్చ మీకు కొత్తగా చెప్పింది దాదాపు ఏమీ లేదు. "ఈ మార్పుతో బాగైంది" అని 95 శాతం ధీమాతో చెప్పాలంటే వరసగా 29 సార్లు పాసవాలి: 0.9ని 29 సార్లు హెచ్చిస్తే 0.047. వందలో మూడుసార్లు ఫెయిలయ్యేదైతే 99 సార్లు.

అందుకే ముందు ఫెయిలయ్యే రేటుని పెంచే ఉపాయం చూడాలి. గెస్ట్‌కి ఒక్క వర్చువల్ సీపీయూ ఇవ్వండి, లేదా నాలుగు ఇచ్చి హోస్ట్‌ని వేరే పనితో నింపండి. డిస్కుని నెమ్మది చేయండి. ఒకదానికోసం ఒకటి ఆగాల్సిన రెండు సర్వీసులు ఆగకపోవడం వల్ల వచ్చే ఫెయిల్యూర్లు ఇలాంటి ఒత్తిడికి త్వరగా లొంగుతాయి. ఫెయిలయ్యే రేటుని 50 శాతానికి పెంచగలిగితే 29 బదులు ఐదు పరుగులు చాలు.

బైసెక్ట్‌కి దిగేముందు కూడా ఇదే లెక్క. ఓపెన్‌క్యూఏ ఇన్వెస్టిగేషన్ ట్యాబ్‌లో చివరి పాస్‌కీ ఈ ఫెయిల్‌కీ మధ్య సెట్టింగ్స్ తేడా, టెస్టు కమిట్లు, మారిన ప్యాకేజీలు చూపిస్తుంది. టంబుల్‌వీడ్‌లో ఒక్కోసారి జాబితా చాలా పొడుగు. వరసగా చదవకండి, ఫెయిలైన పనిలో నిజంగా నడిచే వాటి కింద గీత గీయండి. లాగిన్ తెర రాకపోతే మెసా (గ్రాఫిక్స్), కెర్నెల్, సిస్టమ్‌డీ, డీ-బస్ (ప్రోగ్రామ్‌ల మధ్య సందేశాలు), పామ్ (లాగిన్ తనిఖీ), ఎస్ఈలైనక్స్ (భద్రతా నియమాలు) పాలసీ. ఆఫీసు సూట్ ఐకాన్లు అక్కర్లేదు. టంబుల్‌వీడ్ కొత్త ఇన్‌స్టాల్స్‌లో 2025 ఫిబ్రవరి నుంచి ఎస్ఈలైనక్స్ మామూలైంది కాబట్టి, కెర్నెల్ లైనులో ఎన్‌ఫోర్సింగ్ సున్నా పెట్టి ఒక పరుగు వేస్తే ఒక పెద్ద కొమ్మ మొత్తం కొట్టేసినట్టు. ఫెడోరాలో కీలక ప్యాకేజీల అప్‌డేట్లని విడివిడిగా ఓపెన్‌క్యూఏలో నడుపుతారు గనక అనుమానితుడు చాలాసార్లు ముందే పట్టుబడతాడు.

ఒకే ప్యాకేజీ పాతది పెట్టి పాసైతే సంతోషించే ముందు దాన్ని మళ్ళీ కొత్తది చేసి ఫెయిలవుతుందో లేదో చూడండి. తిరిగి ఫెయిల్ కాకపోతే మీరు పట్టుకున్నది వేరే వాణ్ణి. కెర్నెల్ అని తేలితే, రెండు వరస విడుదలల మధ్య పదివేల పైచిలుకు కమిట్లున్నా గిట్ బైసెక్ట్ 14 అడుగుల్లో ముగిస్తుంది. నిలకడ లేని ఫెయిల్యూర్‌లో ఒక్కసారి ఫెయిలైతే "బ్యాడ్" అనడానికి చాలు, "గుడ్" అనడానికి మాత్రం 29 పాసులు కావాలి. ఒక్క తప్పు "గుడ్" చెబితే మిగిలిన అడుగులన్నీ తప్పు సగంలోనే తిరుగుతాయి, చివర ఎవరో డాక్యుమెంటేషన్ కమిట్‌ని దోషిగా చూపిస్తుంది. అలా ఏ సంబంధమూ లేని కమిట్ వచ్చిందంటే బైసెక్ట్ తప్పుదారి పట్టిందని తెలిసిపోతుంది.

బగ్ రాసేటప్పుడు జాబ్ లింకు ఒక్కటే పెట్టకండి, కొన్ని వారాల్లో ఆ జాబ్ తుడిచిపెట్టుకుపోతుంది. సీరియల్ లాగ్‌లో మొదట చెడిన లైను, దాని పైన ఇరవై లైన్లు, చివరి మంచి బిల్డ్, మొదటి చెడ్డ బిల్డ్, ఎన్నిసార్లలో ఎన్నిసార్లు ఫెయిలైందో ఇవ్వండి. ఆ నంబరుని జాబ్ కామెంట్‌లో పెడితే, తర్వాతి బిల్డ్‌లో అదే మాడ్యూల్ పడినప్పుడు కామెంట్ దానంతటదే అక్కడికి పాకుతుంది. అది చూసేది ఏ మాడ్యూల్ పడిందన్నదే, ఎందుకు పడిందన్నది కాదు. కాబట్టి మూడు వారాలుగా అదే నంబరు మోస్తున్న ఎర్ర చుక్కని నెలకోసారైనా తెరిచి చూడండి. పాత బగ్ ఎప్పుడో సరయి, దాని పేరు చాటున కొత్తది కాపురం పెట్టి ఉంటుంది. వర్క్‌అరౌండ్ (తెలిసిన బగ్‌ని ప్రస్తుతానికి ఒప్పుకునే) గుర్తున్న నీడిల్స్‌దీ ఇదే తీరు. సరిపోయిన ప్రతిసారీ మాడ్యూల్‌ని పసుపు చేస్తాయి, పసుపుని ఎవరూ తెరవరు. బగ్ మూసిన రోజే ఆ నీడిల్‌ని రిపోజిటరీ నుంచి తీసేసి, తీసేసిన కమిట్‌లో బగ్ నంబరు రాయండి.